మర్రిచెట్ల దారిలో పరిచర్య

చేవెళ్ల, మొయినాబాద్ పల్లెల్లో క్రైస్తవ పరిచర్య చాలావరకు మందిరం బయటే జరుగుతుంది. ఆదివారం ఆరాధన మధ్యాహ్నానికి అయిపోతుంది. తక్కిన ఆరు రోజులూ పాస్టరు చేసే పనులకు ఒక పేరంటూ లేదు. జ్వరంతో పడుకున్న అవ్వను చూసి రావడం, ఇంటర్ తప్పిన పిల్లవాడి పక్కన అరుగు మీద కాసేపు కూర్చోవడం, పని దొరకని వాడి సంగతి తెలిసిన మేస్త్రీ చెవిన వేయడం, మొగుడూ పెళ్లాల తగువులో ఇద్దరి మాటా వినడం. ఏడాది చివర రాసే రిపోర్టులో బాప్తిస్మాలు, కానుకలు, సభ్యుల లెక్క ఉంటాయి గాని ఇవేవీ ఉండవు. ఉండనక్కర్లేదు కూడా. అయితే ఒక కుటుంబం ఇరవై ఏళ్లుగా అదే సంఘంలో ఎందుకుందని అడిగితే, చెప్పే జవాబులో ప్రసంగాల ఊసు తక్కువ. నాన్న పోయినప్పుడు ఎవరొచ్చారు, ఆపరేషన్ నాడు రాత్రంతా ఎవరు తోడున్నారు అన్నదే ఎక్కువ వినిపిస్తుంది.

ఈ పల్లెలు హైదరాబాద్‌కు పడమట, బీజాపూర్ రహదారి వెంట ఉన్నాయి. అప్పా జంక్షన్ దాటినప్పటి నుంచి మన్నెగూడ దాకా రోడ్డుకు రెండు పక్కలా పాత మర్రిచెట్లు, లెక్కేస్తే తొమ్మిది వందలకు పైనే. రోడ్డు వెడల్పు కోసం వాటిని కొట్టేయాలా వద్దా అన్న వాదం జాతీయ హరిత ట్రిబ్యునల్ దాకా పోయింది. దగ్గర్లోనే రెండు జలాశయాలున్నాయి. ఉస్మాన్‌సాగర్ 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. వాటి నీళ్లు చెడిపోకుండా 1996లో వచ్చిన 111 జీవో 84 గ్రామాల్లో పెద్ద కట్టడాలకు అడ్డుకట్ట వేసింది. నగరం ఇంత దగ్గరున్నా మొయినాబాద్ చుట్టుపక్కల చాలాకాలం గులాబీ తోటలు, ఆకుకూర మళ్లు, కోళ్లఫారాలే మిగలడానికి అదొక కారణం. చేవెళ్ల టమాటా, క్యారెట్, బంతి, చామంతి తెల్లారకముందే మెహదీపట్నం, గుడిమల్కాపూర్ దారి పడతాయి. సంఘాల్లో ఎక్కువమంది ఈ తోటల్లో కూలికి పోయేవాళ్లు, కౌలు చేసుకునేవాళ్లు, ఆటో నడిపేవాళ్లు, నగరంలో ఇళ్ల పనికి వెళ్లేవాళ్లు. వాళ్ల తీరికను బట్టే పాస్టరు తన పొద్దును దిద్దుకోవాలి. పూలు కోసే ఇంటికి పొద్దున వెళ్తే తాళం కనిపిస్తుంది. రాత్రి ఎనిమిది దాటాక వెళ్తే మనుషులుంటారు, కాకపోతే కళ్లు మూతలు పడుతుంటాయి.

పడమటి దిక్కున ఉన్న సంఘాల్లో మెథడిస్టులవి పాతవి. వికారాబాద్ ఆ మిషన్‌కు ముఖ్య కేంద్రం. తర్వాతి దశాబ్దాల్లో స్వతంత్ర సంఘాలు లేచాయి. రేకుల షెడ్డు, ఒక మైకు, ప్లాస్టిక్ కుర్చీలు, ముప్పై నలభై కుటుంబాలు. శాఖ ఏదైనా వారం నడిచే తీరు ఒకటే: ఆదివారం ఆరాధన, వారం మధ్యలో ఎవరో ఒకరి ఇంట్లో కూడిక, శుక్రవారం ఉపవాస ప్రార్థన, ఈ మధ్యలో ఇంటి దర్శనాలు.

ఇంటి దర్శనం పుస్తకాల్లో చెప్పినంత గంభీరంగా జరగదు. బండి చప్పుడు వినగానే ముందు కుక్క, తర్వాత పిల్లలు వస్తారు. ఇంటామె కొంగుతో కుర్చీ తుడిచి వేసి, “అయ్యగారూ, జర కూసోండ్రి, చాయ్ పెడ్త” అంటుంది. ఇంట్లో పాలు ఉండవు. పిల్లవాడి చేతిలో చిల్లర పెట్టి కిరాణా కొట్టుకు తరుముతుంది. వాడు పాల ప్యాకెట్ తెచ్చేలోపు, నీళ్లు మరిగేలోపు, అసలు మాటలు ఒక్కొక్కటే బయటికొస్తాయి. కూతురి అత్తగారింటి గొడవ, గ్రూపు లోను కిస్తీ, పెద్దోడు మళ్లీ తాగడం మొదలుపెట్టిన సంగతి. వాక్యం చదవడం, ప్రార్థన చేయడం చివర్లో ఐదు నిమిషాల పని. ఆ ఐదు నిమిషాల్లో ఏం ప్రార్థించాలో తెలిసేది మాత్రం పాలకు పోయినవాడు ఆలస్యం చేయడం వల్లే.

కొత్తగా పరిచర్యకు వచ్చినవాళ్లు “వద్దమ్మా, ఇప్పుడే తాగొచ్చిన” అంటారు. ఆ ఇంటికి ఖర్చెందుకన్న మంచి ఉద్దేశమే. అనుభవమున్నవాళ్లు అలా అనరు. ఒక సాయంత్రం ఆరిళ్లు తిరిగితే ఆరుచోట్లా గ్లాసు అందుకుంటారు. షుగర్ ఉన్నవాళ్లు చక్కెర వద్దని ముందే చెబుతారు, అంతే. దళితవాడల్లో ఈ చాయ్ బరువు మరీ ఎక్కువ. హోటల్లో తమకు వేరే గ్లాసు పెట్టిన రోజులు చూసిన తరం ఇంకా ఊళ్లో బతికే ఉంది. వేరే కులంలో పుట్టిన పాస్టరు తమ ఇంటి గ్లాసులో చాయ్ తాగి, తమ మంచం మీద కూర్చుని, తాము వండినది తిని పోయాడంటే, సమానత్వం మీద ఎన్ని ప్రసంగాలు విన్నా కలగని నమ్మకం ఆ ఇంటికి కలుగుతుంది. అందుకే ఏ పాస్టరు ఎవరింట్లో తింటాడు, ఎవరింట్లో వంక పెట్టి తప్పించుకుంటాడు అన్నది వాడలో అందరికీ తెలుసు. చాలామంది పాస్టర్లకు మాత్రం అది తెలుస్తున్నట్టు తెలియదు.

ఈ సంగతిని తెలుగుగడ్డ మీద పనిచేసిన ఒక మనిషి నూరేళ్లకు ముందే ప్రపంచం ముందు పెట్టాడు. వేదనాయగం శామ్యూల్ అజరయ్య తిరునెల్వేలి వైపు తమిళుడు. 1909లో దోర్నకల్‌కు మిషనరీగా వచ్చాడు. మరుసటి ఏడాది ఎడిన్‌బరోలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో, విదేశీ సేవకులకూ స్వదేశీ సేవకులకూ మధ్య సంబంధం గురించి మాట్లాడే అవకాశం వచ్చింది. మిషనరీలు ఆస్తులు, ఆరోగ్యాలు, ప్రాణాలు కూడా ధారపోశారని ఆయన ఒప్పుకున్నాడు. ఒప్పుకుంటూనే, వాళ్లు తమ భారతీయ సహ సేవకులను భోజనానికి పిలవరని, వాళ్ల ఇళ్లకు రారని, చనువుగా నాలుగు మాటలు ఆడరని ఉన్నదున్నట్టు చెప్పి, తమకు స్నేహితులు కావాలని అడిగాడు. వింటున్న వాళ్లలో కొందరికి ఒళ్లు మండింది. ఆసుపత్రులు, బడులు కట్టించిన వాళ్ల ముందు నిలబడి భోజనం బల్ల గురించి మాట్లాడటం వాళ్లకు చిల్లర ఫిర్యాదులా తోచి ఉండాలి. ఆ మహాసభ తీర్మానాల్లో చాలావాటిని ఇవాళ ఎవరూ తలచుకోరు గాని ఆ చిన్న ప్రసంగం ఇంకా చర్చకు వస్తూనే ఉంది. 1912లో అజరయ్య ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్ అయ్యాడు. 1945లో కన్నుమూసేదాకా దోర్నకల్‌లోనే ఉన్నాడు.

అజరయ్య మిషనరీలను ఉద్దేశించి అన్న మాట ఇప్పుడు తెలుగు పాస్టర్లకూ తగులుతుంది. విదేశీ దొర వెళ్లిపోయాక ఆ కుర్చీలో తెలుగు దొరలు కూర్చున్న సంఘాలు లేకపోలేదు. సహాయం పైనుంచి కిందికి రావడం సులభం. ఎవరికి ఇస్తున్నాడో వాడి చేతి కూడు తాను తినడం దగ్గరే మనిషికి మొరాయింపు వస్తుంది.

మొదటి శతాబ్దపు సంఘానికి ఈ మొరాయింపు తెలుసు, దాన్ని దాటిన మనుషులూ తెలుసు. పౌలు రోమా సంఘానికి రాసిన పత్రికలో మొదటి పదిహేను అధ్యాయాల మీద వేదాంతులు గుట్టల కొద్దీ పుస్తకాలు రాశారు. పదహారో అధ్యాయం దాదాపుగా వందనాల జాబితా. ఫీబే, ప్రిస్కిల్ల, అకుల మొదలుకొని ఇరవై మందికి పైగా మనుషుల పేర్లు, ఒక్కొక్కరు ఏ మేలు చేశారో ఒకటి రెండు ముక్కలు. రూఫు తల్లి తనకూ తల్లే అయిందంటాడు. అంటే ఆమె ఇంట్లో అతను ఎన్నోసార్లు తిని ఉంటాడు. తిమోతికి రాసిన రెండో పత్రిక చివర్లోనైతే మరీ చిన్న సంగతి: చలికాలం రాకముందే రమ్మని, త్రోయలో కర్పు ఇంట్లో వదిలొచ్చిన అంగీని, పుస్తకాలను పట్టుకు రమ్మని కబురు. ఆదివారం ప్రసంగాల్లో ఈ భాగాలు ఎక్కువగా వినబడవు. వీటి మీద బోధించడానికి ఏముందని కాబోలు.

ఆసుపత్రి దగ్గరికి వచ్చేసరికి చిన్న పని అంత చిన్నది కాదు. పెద్ద జబ్బు చేస్తే ఈ పల్లెలవాళ్లకు ఉస్మానియా, నిమ్స్, పిల్లలకైతే నీలోఫర్. అక్కడ ఓపీ చీటీ ఎక్కడ రాస్తారు, స్కానింగ్‌కు ఏ కిటికీ దగ్గర నిలబడాలి, ఆరోగ్యశ్రీ కౌంటర్ ఏ బ్లాకులో ఉంది అన్నది తెలియక మొదటి రోజంతా గడిచిపోతుంది. ప్రతి సంఘంలోనూ ఇవి తెలిసినవాడు ఒకడుంటాడు. పెద్ద చదువు ఉండదు. ఒకప్పుడు తన తల్లినో తండ్రినో పట్టుకుని ఆ వరండాల్లో తిరిగి నేర్చుకున్నవాడు. అతను కూలి పని ఒక రోజు మానుకుని తోడొస్తాడు. యువకులు రక్తమిస్తారు. సంఘం ఆడవాళ్లు వంతులేసుకుని టిఫిన్ డబ్బా పంపుతారు, ఫోన్ చార్జరు, దుప్పటి మరిచిపోకుండా సర్దుతారు. పాస్టరు వచ్చి తలమీద చేయి పెట్టి మెల్లగా ప్రార్థించి పోతాడు. గొంతెత్తి ప్రార్థించేవాళ్లూ ఉన్నారు, పక్క మంచం మీది రోగికి నిద్ర కావాలన్న సంగతి వాళ్లకు తట్టదు. ప్రార్థన ఉండగా మందులెందుకనే బోధకులు అంతకన్నా ప్రమాదం. తెలుగునాట మిషన్ పరిచర్యలో వైద్యం మొదటినుంచీ ఒక ముఖ్యమైన పాయ అని వాళ్లకు ఎవరైనా గుర్తుచేయాలి.

ఆ పాయలో డిచ్‌పల్లి కథ ప్రత్యేకంగా చెప్పుకోదగింది. ఇసబెల్ కెర్ స్కాట్లాండ్ నుంచి వచ్చిన వైద్యురాలు. ఆమె, ఆమె భర్త జార్జ్ కెర్ కలిసి 1915లో నిజామాబాద్ దగ్గర డిచ్‌పల్లిలో కుష్ఠు రోగుల కోసం ఆసుపత్రి మొదలుపెట్టారు. దానికి పెద్ద చేయూతనిచ్చినవాడు నర్సాగౌడ్ అనే హిందూ దాత. ఊళ్లోంచి వెళ్లగొట్టిన రోగులకు అక్కడ మందుతోపాటు ఇల్లు, తోట, చేతిపని దొరికాయి. రోగి దగ్గరికి పోవడానికే జనం జంకే రోజుల్లో అతని పుండు కడిగి కట్టు కట్టడం అక్కడి రోజువారీ పని. ఇసబెల్ కెర్ 1932లో మరణించింది. ఈ కథలో ఇచ్చినవాడి మతం, వైద్యం చేసినవాళ్ల మతం, పుచ్చుకున్నవాళ్ల మతం ఒకటి కాదు. సంఘాల్లో సాక్ష్యం చెప్పేవాళ్లు దాతను వదిలేసి కథ చెబుతుంటారు, అది అన్యాయం.

చావు వచ్చినప్పుడు ఊరంతటికీ పనుంటుంది. చావింట్లో పొయ్యి వెలిగించరు గనక సంఘం వాళ్లు అన్నం, పప్పుచారు వండి తెస్తారు. రాత్రంతా కీర్తనలు పాడుతూ శవం దగ్గర కూర్చుంటారు. కుర్రాళ్లు గొయ్యి తవ్వుతారు. ఎండాకాలం ఈ గరుకు నేలలో అది ఒక పూట పని, గడ్డపార కావాలి. పెట్టె చేయించడం, టెంటు, కుర్చీలు, దూరం నుంచి వచ్చే చుట్టాలకు బస్టాపు నుంచి ఆటో, అన్నీ ఎవరో ఒకరు మీదేసుకుంటారు. తర్వాత ఆదరణ కూడిక పెట్టి, పోయిన మనిషి గురించి తెలిసినవాళ్లు నాలుగు మాటలు చెబుతారు. అక్కడికి అందరూ తమ పని అయిందనుకుంటారు. నెల గడిచాక, చుట్టాలందరూ వెళ్లిపోయాక, పింఛను కాగితాల్లో పేరు మార్చుకోవడానికి మండలాఫీసు చుట్టూ తిరుగుతున్న ముసలామెకు తోడు ఎవరూ ఉండరు. అప్పుడు ఏ పనీ లేకుండా ఊరికే వచ్చి పావుగంట కూర్చునే పాస్టరు అరుదు. ఆ పని ఎక్కువగా పాస్టరమ్మలు చేస్తారు.

పాస్టరమ్మల గురించి ఎక్కడా సరిగా రాసినవాళ్లు లేరు. వెనకటి రోజుల్లో మిషన్లు బైబిలు స్త్రీలను నియమించి, వాళ్లకు కొద్దో గొప్పో జీతమిచ్చేవి. వాళ్లు మగవాళ్లు అడుగుపెట్టలేని ఇళ్లలోకి వెళ్లి చదువు, పాట, వాక్యం నేర్పేవాళ్లు. ఆ ఉద్యోగం పోయింది గాని పని పోలేదు, ఎక్కువగా పాస్టరు భార్య మీద జీతం లేకుండా పడింది. కొత్త కోడలు కడుపుతో ఉందని అందరికన్నా ముందు ఆమెకు తెలుస్తుంది. మొగుడు కొట్టిన సంగతి ఆమెకే చెప్పుకుంటారు. ఆదివారం ఆరాధనయ్యాక మిగిలిపోయిన పిల్లలకు అన్నం పెట్టేది ఆమే. ఇంట్లో బియ్యం ఎన్ని ఉన్నాయో చూసుకుని మరీ పిలవాలి, పిలిచాక చూసుకోకూడదు. చాలా స్వతంత్ర సంఘాల్లో పాస్టరుకు నెల జీతం ఉండదు, కానుకలే ఆధారం. వానలు లేక తోటపని తగ్గితే కానుకల పెట్టెలోనూ తగ్గుతుంది.

ఆ లోటును సంఘం తనకు తోచిన దారిలో పూడుస్తుంది. ఎసట్లో పోసే ముందు గుప్పెడు బియ్యం వేరే డబ్బాలో వేసి, వారానికోసారి మందిరానికి తేవడం తెలుగు సంఘాల్లో పాత అలవాటు. మిజోరంలో ఇదే పద్ధతి 1910లో మొదలై, అక్కడి ప్రెస్బిటేరియన్ సంఘానికి గట్టి ఆదాయమార్గం అయింది. ఇక్కడ అంత లెక్కగా జరగదు. కోత పండుగకు మాత్రం మందిరం ముందు భాగం కూరగాయల బండిలా ఉంటుంది. వంకాయలు, సొరకాయలు, కొత్తిమీర కట్టలు, బతికున్న కోడి. ఆరాధనయ్యాక వాటిని వేలం వేస్తారు. పది రూపాయల సొరకాయకు పోటీ పడి వంద దాకా పాడేవాళ్లుంటారు. పాడినవాడు దాన్ని తీసుకుని అక్కడున్న అవ్వ చేతిలో పెట్టి పోతాడు. టమాటా ధర పడిపోయిన ఏడాది పాస్టరు గుమ్మం ముందు క్రేట్ల కొద్దీ టమాటాలు దిగుతాయి. తీసుకోవడమూ మర్యాదే గనక ఆ పాస్టరమ్మ ఊరగాయ పెట్టి, మళ్లీ సీసాల్లో ఇళ్లకు పంచుతుంది.

పాస్టరుకు పాస్టరు తోడుండటం వేరే సంగతి, దాన్ని తొందరగానే చెప్పేయొచ్చు. నెలకోసారి మండలంలోని సేవకులు ఎవరో ఒకరి మందిరంలో కూడుకుంటారు. పాటలు, వాక్యం, భోజనం. భోజనాల దగ్గర ఒకరి సంఘం నుంచి ఇంకొకరి సంఘానికి మారిన కుటుంబాల ప్రస్తావన రాకుండా అందరూ జాగ్రత్తపడతారు. ఇన్ని చిన్న సంఘాలు పక్కపక్కనే ఉన్నచోట ఆ పుండు ఎప్పుడూ పచ్చిగానే ఉంటుంది. అయినా ఒకరికి పక్షవాతం వస్తే రెండు మూడు ఆదివారాలు ఆ మందిరంలో బోధించడానికి పక్కవాళ్లు వంతులు పడతారు. మెథడిస్టు పాస్టర్లకు బదిలీలుంటాయి. కాన్ఫరెన్స్‌లో నియామకాలు చదివాక సామాను డీసీఎంలోకి ఎక్కించే రోజు, కొత్త ఊళ్లో దించే రోజు, రెండు సంఘాల మనసూ తెలిసిపోతుంది. ముందే ఇల్లు కడిగి, నీళ్లు నింపి, ఆ పూటకు వంట చేసి పెట్టిన సంఘంలో ఆ కుటుంబం బెంగ తొందరగా తీరుతుంది.

పరిచర్య సంఘం గోడల్లోనే ఆగదు గనక పొరుగువాళ్ల సంగతి చెప్పుకోవాలి. మొయినాబాద్ మండలంలోనే చిలుకూరు బాలాజీ గుడి ఉంది. వీసా కోసం మొక్కుకునేవాళ్లు ప్రదక్షిణలు చేసే గుడిగా దేశమంతా తెలుసు. ఊళ్లలో దర్గాలున్నాయి, పీరీల పండుగ జరుగుతుంది. ఒకే వీధిలో ఉన్నవాళ్లు పండుగల్లో పెట్టుపోతలు మానుకోలేరు. క్రైస్తవుల్లో చాలామంది పూజలో పెట్టినది తినరు. పొరుగామెకు ఆ సంగతి తెలుసు. బోనాలప్పుడో వినాయక చవితికో నైవేద్యానికి ముందే ఒక గిన్నెలో వేరుగా తీసి, “మీ కోసం ముందే తీసిన వదినా” అని చెప్పి మరీ ఇస్తుంది. వీళ్లు క్రిస్మస్‌కు కేకు ముక్కలు, బిర్యానీ డబ్బా పంపేటప్పుడు, శనివారం మాంసం ముట్టని ఇంటికి వేరే వండి పంపుతారు. ఎవరి పట్టుదల వాళ్లు వదలకుండానే ఎదుటివాళ్ల గడప తొక్కే ఈ నేర్పును ఏ వేదాంత కళాశాలా నేర్పదు, వీధిలో బతికితే వస్తుంది.

అన్నిచోట్లా ఇంత సాఫీగా ఉందనుకుంటే పొరపాటు. 2024 ఫిబ్రవరిలో పక్కనే శంకర్‌పల్లి మండలం జన్వాడలో రోడ్డు వెడల్పు విషయంలో లేచిన తగాదా మెథడిస్టు మందిరం మీద దాడిదాకా పోయింది. మనుషులు గాయపడ్డారు, కేసులు, అరెస్టులు అయ్యాయి. మతం మార్చడానికే మేలు చేస్తారన్న అనుమానం కూడా ఊళ్లలో ఉంది. ఆ అనుమానం కొత్తది కాదు, దాన్ని మొదట ఎదుర్కొన్నవాళ్లు దాన్ని తీసిపారేయలేదు. 1876–78 నాటి పెద్ద కరువులో ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి చూపించాడు. బోధకులే మేస్త్రీలుగా ఉండి, పని మధ్యలో జనంతో కూర్చుని మాట్లాడేవాళ్లు. బాప్తిస్మం కావాలని ఎందరు అడిగినా, కూటి కోసం వచ్చారన్న మాట పడకూడదని, కరువు సాయం నడిచినన్నాళ్లూ క్లౌ ఇవ్వలేదు. సాయం ముగిశాకే ఇచ్చాడు. 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆ సంఖ్యను అందరూ చెబుతారు. అంతకుముందు నెలల తరబడి ఆగిన సంగతి చెప్పేవాళ్లు తక్కువ.

ఇవాళ ఆ జాగ్రత్తకు పెద్ద గండి ఫోన్ కెమెరా. ఐదు కిలోల బియ్యం సంచిని ఐదుగురు పట్టుకుని, పుచ్చుకునే ముసలామెను మధ్యలో నిలబెట్టి ఫొటో తీస్తారు. డబ్బు పంపిన దాతకు లెక్క చూపాలన్నది వాళ్ల వాదన, అందులో కొంత నిజముంది. కానీ ఆ ఫొటో వాట్సాప్‌లో తిరిగి తిరిగి ఆమె మనవడి ఫోన్‌కే వస్తుంది. బియ్యం సంచి చీకటి పడ్డాక గడప లోపల పెట్టి, బిల్లు మాత్రం దాతకు పంపే పాస్టర్లూ ఈ మండలాల్లో ఉన్నారు. పేర్లు బయటికి రాకూడదన్నదే వాళ్ల పద్ధతి గనక వాళ్ల గురించి రాయడానికి ఎక్కువ దొరకదు.

ఏడాదిలో ఒకసారి ఈ చిన్న సంఘాలన్నీ పెద్ద జనంలో కలుస్తాయి. వికారాబాద్ అవతల ధారూరులో మెథడిస్టుల జాతర నవంబరులో వారం రోజులు జరుగుతుంది. 1920ల్లో మొదలైంది, నూరేళ్లు నిండాయి. పూర్వం ఎడ్లబండ్లు కట్టుకుని పోయేవాళ్లు. ఇప్పుడు రైళ్లు, ట్రాక్టర్లు, కార్లు. వాగు పక్కన గుడారాలు వేసుకుని, మూడు రాళ్లు పెట్టి వండుకుంటారు. పెద్ద వేదిక మీది ప్రసంగాలు వినేవాళ్లు వింటారు. మిగతావాళ్లు పక్క గుడారం వాళ్లకు ఉప్పో కారమో అప్పిస్తూ, ఏ ఊరు, ఎవరి తాలూకు అని ఆరా తీస్తూ కాలం గడుపుతారు. పెళ్లిసంబంధాలు చాలావరకు అక్కడే కుదురుతాయని పెద్దలు నవ్వుతూ చెబుతుంటారు.

ఇప్పుడు ఈ రెండు మండలాల్లో పరిచర్య ముఖం మారుతోంది. పొలాల ధరలు ఆకాశాన్నంటాయి, 2022లో 111 జీవో ఆంక్షలను సడలిస్తూ ఉత్తర్వు కూడా వచ్చింది. కొందరు సంఘస్థులు చెలక అమ్ముకుని నగరంలో ఫ్లాట్ కొనుక్కుని ఆదివారం కారులో వస్తున్నారు. కౌలుకు చేసుకునేవాళ్లకు భూమే దొరకడం లేదు, వాళ్లు షేర్ ఆటోలో వస్తున్నారు. ఆరాధన అయ్యాక ఆ కారులో నలుగురు అవ్వలను ఎక్కించుకుని ఇళ్ల దగ్గర దించి పోయేవాడు ఉన్నాడు, గేటు దాటకముందే అద్దాలు ఎక్కించుకునేవాడూ ఉన్నాడు. తోటలు పోయినచోట ప్రహరీ గోడలు, ఫామ్‌హౌసులు వచ్చాయి. వాటి వెనక గదిలో కాపలా కుటుంబం, కోళ్లఫారాల షెడ్ల పక్కన ఒడిశా, బిహార్, జార్ఖండ్ నుంచి వచ్చిన పనివాళ్లు. వాళ్లలో క్రైస్తవులున్నారు, తెలుగు రాదు. వాళ్ల కోసం కొన్ని మందిరాల్లో ఆరాధనలో ఒక హిందీ పాట చేర్చారు. పాస్టరమ్మలు వచ్చీరాని హిందీలో పిల్లల టీకాల సంగతి, బడి సంగతి అడుగుతున్నారు. వాళ్ల గదికి వెళ్తే వాళ్లూ ఖాళీగా పంపరు, నల్ల చాయ్, అటుకులు పెడతారు. ఏడాది తిరగకముందే షెడ్డు ఖాళీ చేసి అలాంటి కుటుంబం షాద్‌నగర్‌కో సంగారెడ్డికో మారిపోతుంది కాబట్టి సభ్యుల రిజిస్టరులో పేరు ఎక్కదు. వాళ్లు వెళ్లే చోట దగ్గర్లో ఏ సంఘముందో కనుక్కుని, అక్కడి పాస్టరుకు ఫోన్ చేసి, ఫలానావాళ్లు వస్తున్నారు, చిన్నపిల్ల ఉంది, కాస్త చూడండని చెప్పడం ఇక్కడి పాస్టరు పని.